ఎడమవైపు పెట్టుకునే పతకం

బడికి వెళ్లాల్సిన వయసులో నేను పొగాకు గ్రేడింగులో ఆకులు ఏరాను. అందుకే ఇలాంటివేవీ ఇన్నాళ్లూ రాయలేకపోయాను. అరవై దాటాక, అమెరికాలో క్యారీ అనే ఊళ్లో మా అమ్మాయి పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దాను. తర్వాత లైబ్రరీ క్లాసులో ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాను. క్లాసు అయిపోయిన రోజు వాళ్లు ‘నేను చదవడం నేర్చుకున్నాను’ అని ఇంగ్లీషులో రాసున్న బ్యాడ్జి ఒకటి ఇచ్చారు. నాకు ఇంతకాలం చదువు రాదన్న సంగతి నలుగురికీ, ముఖ్యంగా మా వియ్యపురాలికి తెలిసిపోతుందని దాన్ని బ్యాగులోనే దాచాను.

ఒకరోజు రైల్లో మా ఎదురు సీట్లో ఒక తెల్ల ముసలాయన కూర్చున్నాడు. ఆయన కోటుకి కుడివైపు మూడు పతకాలున్నాయి, వాటి మీద విక్టోరియా రాణి బొమ్మ ఉంది.

“కుడివైపు ఎందుకో అడగవే” అన్నాను అమ్మాయితో.

“అవి వాళ్ల ముత్తాతవట అమ్మా. బ్రిటిష్ ఆర్మీలో ఆఫీసరట. పెద్దవాళ్లవి కుడివైపు పెట్టుకోవాలట. ఎడమవైపు మన సొంతంగా సంపాదించినవే పెట్టుకోవాలట.”

“మరి ఈయనకి ఎడమవైపు ఖాళీగా ఉందే?”

అమ్మాయి అదీ అడిగేసింది. ఆయన నవ్వి, “బతుకంతా ఇన్సూరెన్స్ అమ్మాను, దానికెవరూ పతకం ఇవ్వలేదు” అన్నాడు.

“మా అమ్మకి ఇచ్చారు, దాచుకుంది” అంటూ అమ్మాయి నా బ్యాగులోంచి బ్యాడ్జి తీసి చూపించింది. నేను తల దించుకున్నాను. ఆయన దాన్ని నిదానంగా చదివి, నా చేతిలో పెట్టి, తన కోటు ఎడమవైపు వేలితో రెండుసార్లు తట్టి చూపించాడు.

మర్నాడు పొద్దున్న గుడికి వెళ్తూ, ఎడమ భుజం మీద పమిటకి పిన్నీసు బదులు ఆ బ్యాడ్జి పెట్టుకున్నాను. ప్రసాదం దగ్గర మా వియ్యపురాలు “ఏంటొదినా అది?” అంది. ఒక్కో మాట కింద వేలు పెట్టి, ఆవిడకి చదివి వినిపించాను.