గింజ కొరికే బాబా

మీ వాట్సాప్ గ్రూపులో మీ మాటను కాదనే మనిషి ఒక్కరైనా మిగిలారా? నా గ్రూపులో మిగల్లేదు. అందువల్ల నేను ఎంత లోతు గోతిలో పడ్డానో వినండి. నవ్వండి, మొహమాటం వద్దు.

నాది మగ్గాల ఊరు ఎమ్మిగనూరు. ఉద్యోగానికి ఆదోని వచ్చి, మూఢనమ్మకాలను కూల్చడానికి గ్రూపు పెట్టించి నడిపాను. రెండు వందల మంది. నేను తుమ్మినా "ఏం తర్కం సార్" అనేవారు. ఒకరోజు మార్కెట్ యార్డులో ఒక పెద్దాయన కనిపించాడు. తెల్ల గడ్డం, మూసిన కళ్లు, పెదవుల దగ్గర పత్తి, చుట్టూ ఊపిరి బిగబట్టిన రైతులు. ఇంకేం కావాలి? ఫొటో తీసి, 'పత్తిని ముద్దాడి జోస్యం చెప్పే బాబా' అని పెట్టాను.

గ్రూపులోనే ఉన్న, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో పనిచేసే మహబూబ్ వెంటనే రాశాడు: "బాబా కాదు సార్, మా కాసిం చాచా. గింజ కొరికి చెమ్మ సూస్తాండాడు. టక్కుమంటే ఆరినట్టు, మెత్తగుంటే తడి."

"నీకూ తాయెత్తు కట్టినాడా?" అన్నారొకరు. నేను న్యాయమూర్తి ఠీవితో మహబూబ్‌ను గ్రూపు నుంచి తీసేశాను.

ఫొటో ఊరంతా తిరిగింది. నాలుగో రోజు మహబూబ్ చాచాను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ముప్పై ఏండ్లుగా గింజ కొరుకుతాండా సార్," అన్నాడు చాచా. "మండీ సేటు పనికి రావద్దన్నాడు. రైతులు మంత్రగాడంటాండారు. నాకు మంత్రాలొస్తే నా నోట్లో పండ్లు ఇట్లా అరుగుతాయా?"

"తేమ కొలిచే మీటరుతో తేల్చుకుందాం," అన్నాను, సైన్సు నన్ను కాపాడుతుందని.

మరునాడు యార్డులో, సేటు ముందే, పది పత్తి కుప్పలు. చాచా కొరికి చెప్పిందే మీటరూ చెప్పింది. ఉక్రోషంతో నేనూ ఒకటి కొరికాను.

"ఎట్లుంది సార్?"

"టక్కుమంది. బాగా ఆరింది."

"అది గులకరాయి సార్," అన్నాడు మహబూబ్.

"ఆ ఫొటో తప్పని అదే గ్రూపులో రాయండి, చాచాను పనికి పిలుస్తా," అన్నాడు సేటు. రాశాను. "మీకూ మంత్రమేసినాడా సార్?" అని మొదలైంది. పది నిమిషాల్లో నా శిష్యుడే, నేను అడ్మిన్ చేసినవాడే, నేను రాసింది తుడిచేసి నన్ను బయటికి నెట్టాడు. కారణం కూడా రాశాడు: మూఢభక్తి. శిక్షణ ఇచ్చింది నేనే కదా, తప్పు పట్టలేను.

చివరికి యార్డు మైకు పట్టుకుని, "బాబా ఎవరూ లేరు, మూఢుణ్ణి నేనే," అని మూడుసార్లు చెప్పాకే చాచాకు పని తిరిగి దొరికింది.

దేవుడి మీద ఒట్టు వేయలేను కనుక నా చదువు మీద ఒట్టు: ఇకపై రెండు వందల మంది ఒకేసారి నాకు తలూపితే, ముందు నా తలకు పరీక్ష చేయించుకుంటాను. మీరు మాత్రం అంతవరకు ఆగకండి. ఫోను తీయండి. మీరు గ్రూపులోంచి తరిమిన మనిషిని పిలవండి. అతను చెప్పేది చివరిదాకా వినండి. ఇప్పుడే.