మెయిన్ స్విచ్ మీద తువ్వాల

ఎనభైల మొదట్లో జహీరాబాద్‌లో ఇనుప రేకులు వంచే ఒక కార్ఖానాలో నేను మరమ్మతు పని చేసేవాణ్ణి. పెద్ద ప్రెస్సు లోపలికి దూరాల్సి వస్తే మాకొక ఆచారం ఉండేది. మెయిన్ స్విచ్ ఆపి, దాని పిడికి మన తువ్వాల తగిలించాలి. తువ్వాల కనిపించిందంటే లోపల మనిషి ఉన్నట్టే. ఇంకేం కావాలని మా ధీమా.

అలాంటి మాకు ఒకరోజు తలా ఒక తాళం ఇచ్చారు. లోపలికి పోయేవాడు స్విచ్‌కి తన తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకోవాలట. నాకు ఒళ్లు మండింది. ప్రెస్సు నడిపే అన్న అయితే పగలబడి నవ్వాడు. ఆయనదీ నాదీ ఒకే ఊరు, ఝరాసంగం. నన్ను ఈ పనిలో పెట్టించింది కూడా ఆయనే.

"లోపల ఏం ఖజానా ఉన్నదని తాళమేస్తున్నరు తమ్మీ? మన ఇండ్లల్ల సందుగకే తాళం లేదు."

తిట్టుకుంటూనే చెవిని మొలతాడుకు కట్టుకున్నాను. పోగొడితే మేనేజరు నోట్లో ఎవడు పడతాడు?

ఎండాకాలం. అందరూ తిండికి పోయారు. ప్రెస్సులో నూనె కారుతోంది. పైనున్న బరువు జారకుండా ఇనుప దిమ్మ ఆనించాను. మోటారు వేస్తే మాత్రం ఆ దిమ్మ ఆగదు, నేనూ మిగలను. స్విచ్ ఆపి, తాళం వేసి, అలవాటు కొద్దీ తువ్వాల కూడా తగిలించి లోపలికి దూరాను.

అన్న చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. ఇద్దరివీ ఒకే సంతలో కొన్న ఎర్రగళ్ల తువ్వాలలు. తనదే అక్కడ మరిచాననుకుని తీసి, మొహం, మెడ తుడుచుకుని, భుజాన వేసుకుని, తాళం చూడకుండానే పిడి పట్టాడు. కదల్లేదు. గట్టిగా గుంజాడు. తాళం చప్పుడు లోపలికి వినిపించింది.

"ఎవడ్రా తాళమేసింది?"

"నేనే అన్నా! లోపలున్న!"

బయటికొచ్చి చూస్తే నేల మీద కూలబడి తువ్వాల నలుపుతున్నాడు.

"నాదే అనుకున్న తమ్మీ."

ఆయన మొహం చూస్తే నాకు నవ్వొచ్చింది.

"మంచిగ తుడుసుకున్నవ్ గద, ఇగ ఉతికియ్యి," అన్నాను. ఇద్దరం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాం.

మర్నాడు నిజంగానే ఉతికి తెచ్చాడు. అప్పటినుంచి నేను లోపలికి దూరే ముందు నా తాళాన్ని తానే గుంజి చూసేవాడు. కొన్నాళ్లకు చిరాగ్‌పల్లి నుంచి కొత్తగా చేరినాయన స్విచ్‌కున్న తాళం చూసి, లోపల ఏం దాచిన్రని నవ్వాడు. లోపలున్న నాకు ఆ నవ్వు వినిపించింది. అన్న నవ్వలేదు.

"మా తమ్ముడున్నడు," అన్నాడు.