దిమ్మెలు కొట్టిన సబ్‌మెరైన్

మొన్న మా స్నానాలగది గొట్టం మూత ఊడిపోతే కొత్తది కొందామని ఖమ్మంలో నాకు తెలిసిన పైపుల దుకాణానికి వెళ్లాను. దుకాణం భాయ్ నన్ను చూసి, గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి మరీ అడిగాడు: "ఏం సాబ్, మీ బావ జహాజ్ తేలిందా, మునిగిందా?" రెండూ అయ్యాయన్నాను. "మరి దావత్ ఏది? తేలితే పడవ, మునిగితే రాయి, రెండూ చేస్తెనే సబ్‌మెరైన్ అన్నడు గద మీ బావ!" అని నవ్వాడు. మూత సంగతి మరిచిపోయి ఇంటికొచ్చాను. ఆ రోజు మా ఇంట్లో జరిగిన జలప్రళయం వేరే కథ. ఆ ప్రళయంలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి (మా ఆవిడ లెక్కలో అది పాదాల లోతు) నేను ఆలోచించింది మాత్రం మా అక్క మొగుడి గురించే.

మా బావది టేకులపల్లి. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గు బాయిలో పంపు ఆపరేటరు. బాయి అంటే మంచినీళ్ల బావి అనుకునేరు. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటాం, పనికి పోవడాన్ని దిగడం అంటాం. భూమి కడుపులో ఊరే నీళ్లను తోడి పైకి పంపడమే ఆయన ఉద్యోగం. ఆయన తోడిన నీళ్లన్నీ ఒకచోట పోస్తే గోదావరి భద్రాచలం దగ్గర సిగ్గుపడి పక్కకు తప్పుకునేది. అంత నీటితో కాపురం చేసిన మనిషి సముద్రాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. చూసింది ఆయన కొడుకు. నౌకాదళంలో చేరాడు.

ఇక్కడే అసలు తంటా. పిల్లవాడు పుట్టిన రోజున దవాఖానాలో మా అక్క బావ చేత ఒట్టు వేయించుకుంది, వీణ్ణి బాయిలో దించనని. మేనల్లుడు ఓడ మీద కొలువు సంపాదించినప్పుడు ఒట్టు నిలిచిందని అక్క ఊరంతా పాయసం పంచింది. ఆ పాయసంలో జీడిపప్పు ఎంత వేసిందంటే పాయసం వెతుక్కోవలసి వచ్చింది. ఆ తరువాత వాడు ఇష్టపడి సబ్‌మెరైన్ విభాగానికి మారాడు. ఆ సంగతి తండ్రికి చెప్పాడు, తల్లికి చెప్పలేదు. తండ్రీ చెప్పలేదు. ఏడాది గడిచాక వాడి స్నేహితుడెవరో ఇంటికొచ్చి, అన్నం తింటూ అమాయకంగా "వాడు నీళ్ల కింద ఉన్నడు కదా అత్తమ్మా, ఫోను రాదు" అనేశాడు. అక్క వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టి, బావ వైపు చూసింది. బావ నోట్లోని ముద్దకు అటు పోవాలో ఇటు పోవాలో తెలియలేదట.

"ఓడ అని చెప్పిన. ఓడ పైన్నా, కిందనా అని ఆమె అడగలే" అని బావ నాతో వాదించాడు. అక్క వాదించలేదు. "నువ్వు దిగింది సాలలేదా, వాణ్ణి గూడ దించినవ్" అని ఒక్క మాట అని, ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడడం మానేసింది. తొమ్మిది నెలలు. వేళకు అన్నం పెట్టేది, చొక్కాలు ఉతికేది, మాట మాత్రం లేదు. అవసరమైతే నాకు ఫోను చేసేది: "తమ్మీ, మీ బావకు చెప్పు, గ్యాసు అయిపోయింది." బావ ఆ ఫోనుకు మూడడుగుల దూరంలో కూర్చుని ఉండేవాడు. ఖమ్మం నుంచి టేకులపల్లికి గ్యాసు వార్త తిరుగు టపాలో చేరేది.

చివరికి బావకు ఒక ఉపాయం తట్టింది. వాడు ఎట్లాంటి చోట ఉన్నాడో కళ్లతో చూస్తే అక్క భయం తగ్గుతుందని. బొమ్మ చేయడం మొదలుపెట్టాడు. బజారులో కొనేది కాదు, రేకు నుంచి రెక్క దాకా సొంత చేత్తో. ఒకటికి వంద లెక్క: డెబ్బై మీటర్లది డెబ్బై సెంటీమీటర్లు. ఒళ్లంతా ఖమ్మం భాయ్ దుకాణంలో కొన్న నాలుగంగుళాల పైపు. వీపు మీద గోపురం మంచినూనె డబ్బా రేకు. నీళ్లపైకి తొంగిచూసే గొట్టం బాల్‌పెన్ను రీఫిల్లు. పైకప్పు అంచున కటకటాలు అక్క పిన్నీసులు. వెనక తిరిగే రెక్క కోసం పాత ఇత్తడి చెంబును కోసి, ఏడు రేకుల పువ్వులా ఆకురాయితో నెల రోజులు రాశాడు. నేను పట్టుకుని చూస్తే వేలు తెగింది. ఆ గాయానికి ఆరు కుట్లు పడి ఉండేవి, డాక్టరు పట్టీ వేసి ఊరుకున్నాడు గానీ.

పైపు మీద రివిట్లు కావాలి కదా. ఒకటికి వంద లెక్కలో రివిట్టు ఎంతుంటుంది? ఆవగింజంత. కాబట్టి ఆవాలే అంటించాడు, వరసలు వరసలుగా, ఊపిరి బిగబట్టి. అక్క పోపుల డబ్బా ఖాళీ అయింది. రంగు వేయకముందే ఆత్రం ఆగక నీళ్లలో ముంచి చూశాడు. నాలుగో రోజు పొద్దున నాకు ఫోను: "బామ్మర్దీ, సబ్‌మెరైన్ మొలకెత్తిందిరా!" వెళ్లి చూద్దును కదా, యుద్ధనౌక ఒళ్లంతా పచ్చగా గగుర్పొడిచి ఉంది. కోస్తే రెండు పూటలకు కూర అవుతుంది. నేను నవ్వి నవ్వి గోడ పట్టుకున్నాను. బావ మొహం చిన్నబోయింది. అప్పుడు వంటింట్లోంచి వినిపించింది: "తమ్మీ, మీ బావకు చెప్పు, ఆవాలు దోరగ వేయించి అంటిస్తె మొలవయ్ అని." నేను చెప్పక్కర్లేకపోయింది. బావ ఖాళీ పోపుల డబ్బా పట్టుకుని కిరాణా కొట్టుకు నడిచాడు.

లోపలి భాగం మరో పురాణం. లోపల ఎట్లుంటుందని కొడుకును అడిగితే "చెప్పగూడదు నాయినా" అన్నాడు. చెప్పకపోతే ఏం, నీళ్ల కింద మనుషులు పనిచేసే చోటు ఎట్లుంటుందో తనకు తెలియదా అని బావ ధీమా. పైపు పక్కన కిటికీలా కోసి, పారదర్శకమైన రేకు అతికించి చూపించాడు. లోపల బాయి దిగేవాళ్లకు టోపీ లైట్లిచ్చే గది. హాజరు వేసే బల్ల. టీ కెటిల్‌తో క్యాంటీను. అగ్గిపుల్లలు చెక్కి చేసిన పన్నెండు మంది మనుషులు, ఒక్కొక్కడి నెత్తిన పసుపు రంగు టోపీ. ఆ కొస నుంచి ఈ కొస దాకా, కప్పు కూలకుండా బాయిలో నిలబెట్టే కర్ర దిమ్మెలు!

"బావా, సబ్‌మెరైన్‌ల దిమ్మెలుండవు" అన్నాను.

"నువ్వు దిగినవా ఎన్నడన్న?"

"లేదు."

"మరి నోరు మూస్కో. నెత్తిమీద గంత సముద్రం పెట్టుకొని దిమ్మె లేకుంట ఎట్లుంటర్రా? నా కొడుకున్నడు లోపల."

కిందపడిన దిమ్మె ఒకటి ఏరి ఆయన చేతికిచ్చాను.

ఒక ఆదివారం పొద్దున పరీక్ష. ఇంటి ముందు సిమెంటు గోలెంలో నిండా నీళ్లు. సబ్‌మెరైన్ కడుపులో రెండు డబ్బాలున్నాయి. వాటిలోకి నీళ్లు వదిలితే మునుగుతుంది, సెలైను గొట్టం గుండా సైకిలు పంపుతో గాలి కొడితే నీళ్లు బయటికి పోయి లేస్తుంది. "గింతే. సబ్‌మెరైన్ అంటె పంపు ఆపరేటర్ పనే" అని బావ మీసం దువ్వాడు. అక్క అరుగు మీద మాకు వీపు పెట్టి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మేనల్లుడి ఫోను రాక అప్పటికి ఇరవై రోజులు.

మునగడం మహారాజులా మునిగింది. లేవడమే లేవలేదు. బావ పంపు కొట్టాడు. నాలుగు బుడగలు వచ్చి ఆగిపోయాయి. ముక్కు వెళ్లి గోలెం అడుగున బురదలో దిగబడింది. బావ ఇంకా కొట్టాడు, చెమటలు కారేలా, పిచ్చిగా. అరుగు మీద చిక్కుడుకాయల చప్పుడు ఆగిపోయింది. అక్క లేచి వచ్చి గోలెం పక్కన నిలబడింది. ఆమె కళ్ల ముందే అది అట్లా అడుగున పడి ఉంది. భయం తీర్చడానికి చేసిన బొమ్మ భయాన్నే చూపిస్తోంది. బావ చొక్కా చెయ్యి పైకి లాగి నీళ్లలో పెట్టబోయాడు.

"చెయ్యి తియ్యి" అంది అక్క. నాతో కాదు. ఆయనతో.

బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"షిఫ్టు కాలే ఇంక. గంత కంగారేంది? కూసో."

బావ గోలెం గట్టు మీద కూలబడ్డాడు. అక్క పక్కన కూర్చుంది. "లోపల దిమ్మెలు గట్టిగ కొట్టినవా?" అని అడిగింది.

"ఇరవై నాలుగు కొట్టిన."

"మరింకేంది. మెల్లగ కొట్టు గాలి. నువ్వు దిగిన దినాలల్ల నేనేమన్న బాయిల చెయ్యి పెట్టి లాగిన్నా నిన్ను?"

బావ తల వంచుకుని మెల్లగా కొట్టాడు. ఒక్కో బుడగ వస్తోంది. ముగ్గురం నీళ్లనే చూస్తున్నాం. ఎంతసేపో చెప్పలేను, నన్నడిగితే ఒక పంట కాలం అంటాను. చివరికి తోక ముందు లేచింది, ఆ తరువాత ఒళ్లు ఒక పక్కకు ఒరిగి, తప్పతాగినవాడిలా పైకి తేలింది. బావ నవ్వలేదు. అక్క దాన్ని రెండు చేతులతో ఎత్తి, కిటికీ రేకును కొంగుతో తుడిచి, వేలితో ఒక్కొక్క అగ్గిపుల్లను లెక్కపెట్టింది. పన్నెండూ వచ్చాక, "అందరున్నరు" అంది. అని, "లే, చల్లారిపోతది, అన్నం తిను" అంది.

మేనల్లుడి ఫోను ఆ రోజు రాలేదు, ఆ వారమూ రాలేదు. వచ్చిన నాడు ఇద్దరూ ఒకే ఫోనుకు చెరో చెవి ఆనించి విన్నారు. పైన ఎదురుచూసేవాళ్లకైనా కింద దిగినవాళ్లకైనా గడియారం ఒకే వేగంతో తిరుగుతుందని చదువుకున్నవాళ్లు చెబుతారు. ఆ గోలెం గట్టు మీద మా అక్క పక్కన కూర్చున్న పొద్దు నుంచి నేనా మాట నమ్మడం మానేశాను.