గువ్వలచెరువు ఘాటులో న్యూట్రల్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంటావిడే కాదు, డ్రైవర్లంతా అంటారు. నిజమే, ఎందుకు కాదనాలి? కడపలో సబ్బులూ బిస్కెట్లూ నూనె ప్యాకెట్లూ ఊరూరి అంగళ్లకు చేర్చే ఏజెన్సీ ఒకటుంది. దాని బండ్లకు ముప్పై ఏండ్లుగా మెకానిక్కును నేనే. ఇంజన్‌లోంచి ఆయిల్ కొలిచే పుల్ల తీసి, దాని కొసనున్న ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్దితే చాలు, ఇంకెన్నాళ్లు పనికొస్తుందో చెప్పేస్తాను. అలాంటి నా షెడ్డులోకి పోయిన ఎండాకాలం రెండు కరెంటు ట్రక్కులు వచ్చి నిలబడ్డాయి. నన్ను ఒక్క మాట అడగకుండా తెచ్చారు, అదీ నా మంట.

తెచ్చింది మా ఓనరమ్మ. మామగారి తర్వాత ఏజెన్సీని ఆమే నడుపుతోంది. ఆరు నెలలు నడిపి చూసి, నచ్చితే ఉంచుకోవచ్చు, లేకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు అని మాట్లాడుకుంది. షెడ్డు గోడకు ఒక నల్లబల్ల కొట్టించి, నడుమ నిలువుగా గీత గీసింది.

"ఈ పక్క డీజిలు, ఆ పక్క కరెంటు. ఏ బండికి ఏం పని చేస్తే అది రాయన్నా. బాగుంటే మిగతావి కూడా ఇవే తెస్తాం. లేకుంటే వీటినే ఎనక్కి పంపిస్తాం" అంది.

అన్నీ ఇవే అయితే నా సంగతేమిటని అడగబోయి ఆగిపోయాను. యాభై నాలుగేండ్ల మనిషి నోరు తెరిచి అడగాల్సిన మాటా అది? కంపెనీ నుంచి ఒకాయన వచ్చి, బండి నడిపే పద్ధతి డ్రైవర్లకు చెబుతుంటే, నేను మూతి ముడుచుకుని టీ అంగడికి వెళ్లి కూర్చున్నాను. డ్రైవర్లు సగం వినీ వినకుండా నా వెనకే వచ్చేశారు.

నెలలు గడిచేకొద్దీ బల్ల మీద డీజిల్ పక్క నిండిపోయింది. ఆయిల్ మార్పు, మూడు రకాల ఫిల్టర్లు, క్లచ్ ప్లేటు, ఫ్యాను బెల్టు, కారే ఇంజెక్టరు, చిల్లు పడిన సైలెన్సరు. కరెంటు పక్క రాయడానికి నాకు పనే దొరకలేదు. వైపరు రబ్బరు మార్చాను. చిన్న బ్యాటరీ ఒకటి దిగిపోతే మార్చాను. మన దుమ్ముకు గాలి వచ్చే జాలీ పూడుకుపోతే ఊది శుభ్రం చేశాను. టైర్లు మాత్రం డీజిల్ వాటికంటే తొందరగా అరిగాయి. బండి బరువెక్కువ, పైగా కాలు పెట్టగానే గుంజుకుని పోతుంది. ఆ మాట ఇంత లావు అక్షరాలతో రాశాను. అయినా ఆ పక్క ఖాళీయే ఎక్కువ. దాన్ని చూడలేక బల్లకు వీపు పెట్టి పని చేసుకునేవాణ్ణి.

ఐదో నెలలో గువ్వలచెరువు కొండ ఘాటు మీదుగా రాయచోటి వెళ్లి వచ్చే కరెంటు బండి బ్రేకు వేస్తే కీచుమంది. చక్రం విప్పి చూస్తే బ్రేకు ప్యాడ్లు రేకు దాకా అరిగిపోయి ఉన్నాయి. కరెంటు బండ్లకు ప్యాడ్లు ఏండ్ల తరబడి వస్తాయని కదా కంపెనీవాళ్లు చెప్పారు! దొరికావురా అనుకున్నాను. అబద్ధమెందుకు, నాకు పట్టరాని సంతోషం కలిగింది. వెంటనే ఓనరమ్మను పిలిచి చూపించాను.

ఆమె ఆ ప్యాడ్లను చేతిలో తిప్పి చూసి ఉసూరుమంది. "ఘాటు ఉండే దారికి ఇవి పనికిరావేమోన్నా. నెలాఖరుకు రెండూ పంపించేద్దాం" అంది.

ఆ మధ్యాహ్నం అన్నం కడుపునిండా తిన్నాను. కానీ బద్వేలు వెళ్లే రెండో కరెంటు బండికి ప్యాడ్లు కొత్తవాటిలా ఉండడం మనసులో ముల్లులా గుచ్చుతూనే ఉంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రోజు వచ్చాయి. బద్వేలు దారిలో ఘాటు లేదు, నిజమే. అయినా ఇంత తేడానా? కొత్త ప్యాడ్లు వేసి, మర్నాడు నేనూ రాయచోటి బండి ఎక్కాను.

ఆ బండి డ్రైవరు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. పదిహేనేండ్లుగా నన్ను మామా అనే పిలుస్తాడు. సరుకు దించేసి, టమోటా బాక్సులు ఎత్తుకుని తిరుగు ప్రయాణమయ్యాం. గువ్వలచెరువులో ఆగి ఇద్దరం పాలకోవా తిన్నాం. అక్కణ్నుంచి కడప వైపు ఘాటు దిగుడే. మొదటి మలుపు రాకముందే వాడు చెయ్యి చాచి గేరు నాబ్‌ను న్యూట్రల్‌కు తిప్పాడు. బండి జర్రున జారింది. ప్రతి మలుపులో బ్రేకు మీదే కాలు. నాలుగో మలుపుకు కాలిన వాసన ముక్కుకు కొట్టింది.

"న్యూట్రల్ ఎందుకేసినావురా?" అని అరిచాను.

వాడు నన్ను వింతగా చూశాడు. "నువ్వే గదా మామా నేర్పింది. దిగుడులో న్యూట్రల్ ఏస్తే డీజిలు మిగుల్తాది అని."

నా తల కొట్టేసినట్టయింది. అవును, నేనే నేర్పాను. వీడికే కాదు, అందరికీ, అదేదో పెద్ద విద్య అయినట్టు నేర్పాను.

బండి పక్కకు తీసి ఆపమన్నాను. కంపెనీ ఆయనకు ఫోన్ చేసి, ఆరోజు టీ అంగడిలో కూర్చుని వినకుండా వదిలేసిన పాఠం అప్పుడు విన్నాను. న్యూట్రల్ వేస్తే మోటారు బండిని పట్టదు, బరువంతా బ్రేకుల మీదే పడుతుందట. బ్రేకులు చల్లారాక నాబ్ డ్రైవ్‌లో పెట్టించి, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసెయ్యమన్నాను. మోటారే బండిని పట్టి ఉంచి, ఆ దిగుడు ఊపుతోనే కరెంటు చేసుకుంది. మలుపుల్లో బ్రేకును కాస్త తాకితే చాలింది. ముప్పై ఎనిమిది శాతం ఉన్న ఛార్జింగ్ ఘాటు దిగేసరికి నలభై అయింది. ఎక్కువేం కాదు, రెండే.

"దిగుతా ఉంటే నిండుతాండాదే మామా!" అని వాడు పిల్లాడిలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నోరు మూసుకుంటే నెలాఖరుకు ఈ బండ్లు పోతాయి, నా పని నాకుంటుంది. కానీ రేకు దాకా అరిగిన ఆ ప్యాడ్లతో ఇదే ఘాటులో, న్యూట్రల్‌లో, నిన్నటిదాకా దిగింది వీడు. పక్కన కూర్చుని పాలకోవా పొట్లం ఇంటికని దాచుకున్న వీడు. ఇన్నేండ్లుగా నా మాట నమ్మి డీజిల్ బండ్లలో ఇట్లాగే దిగినవాళ్లు ఎందరో. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు.

షెడ్డుకు రాగానే నల్లబల్ల దగ్గరికి వెళ్లాను. కరెంటు పక్క 'బ్రేకు ప్యాడ్లు' అని రాసిన చోట, కింద 'తప్పు బండిది కాదు, నాది' అని రాసి, ఓనరమ్మను పిలిచి జరిగిందంతా చెప్పాను.

ఆమె బల్ల మీది రాత చదివి నా వైపు తిరిగింది. "ఈ బండ్లే ఉండిపోతే నీ పనేమైతాదో అని నీకు దిగులు లేదాన్నా?" అంది.

"శానా ఉండాదమ్మా."

"ఉంటే మాత్రం, ముందు డ్రైవర్లతో ఆ న్యూట్రల్ మాన్పించు. డీజిల్ బండ్లోళ్లతో కూడా. నేర్పినోడివి నువ్వు, నీ మాటే ఇంటారు. ఆమీద ఈ కరెంటు పని నువ్వు నేర్చుకో. కంపెనీవాళ్లు నేర్పిస్తారంట, బండ్లు వచ్చినప్పుడే నీ పేరు రాయించినా."

ఇప్పుడు మా దగ్గర ఐదు కరెంటు బండ్లు, మూడు డీజిల్‌వి. మందపాటి రబ్బరు గ్లౌజులు వేసుకుని, నారింజ రంగు కేబుళ్లను ఏ వరుసలో విప్పాలో, ఎప్పుడు అసలు ముట్టుకోకూడదో నేర్చుకున్నాను. వారానికోసారి ఎవరో ఒకరి పక్కన కూర్చుని ఘాటు దిగుతాను. మొన్న గువ్వలచెరువు దాటగానే, పాత అలవాటు కొద్దీ నన్ను మామా అనే ఆ డ్రైవరు చెయ్యి నాబ్ వైపు పోయింది. వాడే చెయ్యి వెనక్కి తీసుకుని, నన్ను చూసి, కాలు కూడా తీసేశాడు.