బాలయ్య ఎత్తిన చెయ్యి

ఈరోజు పొద్దున పొయ్యి మీద అట్టలు అతికించే మైదా లై కాగుతుంటే, ఆ పుల్లటి వాసనకు మా సేటు గుర్తొచ్చారు. ఛత్రినాకలో నోటుపుస్తకాలు కుట్టే ఆయన కార్ఖానాలో నేను కాక పదకొండు మంది పనిచేసేవారు. లెక్కలూ కాగితాలూ నావి. ఇప్పుడు నాకు సొంతంగా అలాంటి చిన్న కార్ఖానా ఉందంటే, ఆ పనంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఏ కాగితమైనా పనివాళ్లకు రెండుసార్లు చదివి వినిపించమనేవారు. "తెల్వకుండ సంతకం పెట్టిస్తే అది దొంగతనం లెక్కనే, బిడ్డా" అనేవారు.

ఆయనకు ఇంకో అలవాటుండేది. బోనాల సెలవు, ఆదివారం పని, ఏదైనా సరే నాలుగు గంటల చాయ్ దగ్గర చేతులెత్తి తేల్చుకోవాలి. ఎవరి చెయ్యైనా కింద ఉండిపోతే, అది లేచేదాకా అందరూ వాళ్లనే చూసేవారు. నాకది ముచ్చటగానే ఉండేది.

గిరాకీ తగ్గాక, పనివాళ్ల కోసం నడిపిన పింఛను పథకాన్ని సేటు మూసేయాల్సి వచ్చింది. జమైన మొత్తాన్ని ఎవరికి వారు తమ పేరున మరో పింఛను ఖాతాకు మార్చుకోవచ్చు, లేదా నగదుగా తీసుకోవచ్చు. రెండూ నేనే చదివి వినిపించాను. మధ్యాహ్నం బైండింగ్ బాలయ్య నా బల్ల దగ్గరికొచ్చాడు. అందరిలోకీ పెద్దవాడు.

"నెలనెల వచ్చేదే నాకు మంచిది గద బిడ్డా? చేతుల పైసలుంటే కొడుకులు ఉండనియ్యరు."

"అదే మంచిది బాపు. గదే రాస్తా."

చాయ్ దగ్గర సేటు అలవాటు కొద్దీ, "నగదు కావాల్నన్నోళ్లు చెయ్యెత్తున్రి" అన్నారు. పది చేతులు లేచాయి. బాలయ్య అటూ ఇటూ చూశాడు. నా వైపూ చూశాడు. నేను కాగితాల్లోకి తల దించుకున్నాను. కాసేపటికి అతని చెయ్యి కూడా లేచింది. పదకొండు దరఖాస్తులూ ఒకే తీరుగా నింపాను.

కొన్నాళ్లకు కార్ఖానాయే మూతపడింది. ఆ తర్వాత ఒకసారి సేటూ నేనూ జహనుమాలో బాలయ్య ఇంటికి వెళ్లాం. అతనికి చూపు దాదాపు పోయింది. గడప దగ్గర కూర్చుని, అంచులు వేళ్లతో తడుముకుంటూ, కిరాణా కొట్లకు కాగితం కవర్లు అతికిస్తున్నాడు. పైసలేమయ్యాయని సేటు అడిగారు.

"పెద్దోడు ఆటో కొన్నడు. చిన్నోడు అప్పు కట్టిండు. గంతే."

"మరి నువ్వెందుకు చెయ్యెత్తినవ్ బాలయ్యా?"

"అందరు ఎత్తిన్రు సేటు. నేనొక్కన్ని ఎత్తకుంటే మీ మాట కాదన్నట్టయితదని."

బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు సేటు మెల్లగా అడిగారు.

"ఆ దినం ఆయన అటిటు సూసుడు నువ్వు సూసినవా?"

"సూసిన సేటు."

"నేను గూడ సూసిన."

ఆ వానాకాలమే బాలయ్య పోయాడు. పోయేముందు రోజు కూడా కవర్లు అతికించాడట. సేటు కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. తప్పంతా ఆయన అలవాటుదేనని సర్దిచెప్పుకుందామంటే నా వల్ల కాదు. బాలయ్య చూసింది నా వైపు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు నా కార్ఖానాలోనూ పాత పథకం మూసేస్తున్నాను. ఆరుగురు పనివాళ్లు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తలుపు వేసి, రెండుసార్లు చదివి వినిపిస్తున్నాను. ఈరోజు చివరగా లై కాచే లక్ష్మి వచ్చింది. కలం పట్టుకుని ఆగిపోయింది.

"తక్కినోళ్లు ఏం రాసిన్రక్కా?"

నేను చెప్పలేదు. బయట లై మాడుతున్న వాసన వస్తున్నా లేవకుండా, తనకేం కావాలో ఆమె నోటితో చెప్పేదాకా కూర్చున్నాను.