పరదేశి ఫోనుకి రాని తెలుగు

ఉగాదికి రావలసిన కొత్త ఓయస్ ఉగాదికి రాలేదు. ఓయస్ అంటే ఫోను లోపల కూర్చుని ఫోనును నడిపించే సరుకని మా ఎరువుల కొట్టు పక్కన సెల్‌ఫోన్ షాపు పెట్టుకున్న దిలీప్ నాకు చెప్పాడు. దాన్ని ఎక్కడో కంపెనీవాళ్ళు తయారు చేసి వదిలితే మన ఫోనులోకి దిగుతుందట. దిగకపోతే మనం చేయగలిగింది ఏమీ లేదు. ఈమాత్రం దానికి చోడవరంలో అంత రభస ఎందుకు జరిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రభసకు రెండు పక్షాలు. ఫోన్ల అసలు పేర్లకు నోరు తిరగదు కాబట్టి మావాళ్ళు వాటిని డబ్బా రంగుతో పిలుస్తారు. దిలీప్ అమ్మేది ఎర్ర డబ్బా. బ్యాంకులో పనిచేసే ఫణిశ్రీనివాస్ చేతిలో ఉండేది నీలం డబ్బా. నీలం డబ్బావాళ్ళు తమ ఓయస్ చెప్పిన వేళకే ఇచ్చేశారు. ఎర్ర డబ్బావాళ్ళు ఉగాది అన్నారు, తర్వాత ఎండలు తగ్గాక అన్నారు, ఆ తర్వాత ‘నాణ్యత విషయంలో రాజీ పడలేక’ అని ఒక ప్రకటన పడేసి తేదీ చెప్పడమే మానేశారు. ఆ ముక్క మా కొట్ల ముందున్న బండి దగ్గరకి టీ కోసం వచ్చేవాళ్ళందరికీ నోటికి వచ్చేసింది. టీ ఆలస్యమైనా అదే మాట, బస్సు ఆలస్యమైనా అదే మాట.

“మావాళ్ళు మార్చిలోనే ఇచ్చేసేరు. మీవాళ్ళు ఇంకా పొయ్యి మీదే ఉంచేరేటయ్యా?” అనేవాడు ఫణిశ్రీనివాస్.

“సగం ఉడికింది తిని కడుపునొప్పి తెచ్చుకోడం కన్నా కాసుక్కూకోడం మంచిది సార్. మీ ఫోను కొత్త ఓయస్ వచ్చిన కాడి నుంచి పెనంలాగ కాలిపోతందంట కదా?” అనేవాడు దిలీప్.

బుచ్చయ్యపేట నుంచి యూరియా కోసం వచ్చిన రైతులు కూడా బస్తా దింపుకుని ఏదో ఒక పక్షం పుచ్చుకునేవారు. తమ జేబులో ఉన్నది ఏ డబ్బా ఫోనో తెలియనివాళ్ళే మరీ గట్టిగా అరిచేవారు. నా బేరం దెబ్బతింటోందని నేను విసుక్కుంటే, ‘నువ్వు ఏ డబ్బా?’ అని నన్నే అడిగేవారు.

ఇంతమందిలో ఆ ఓయస్‌తో నిజంగా పని ఉన్నవాడు పరదేశి ఒక్కడే. అతను ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు.

పరదేశి బెల్లం వండేవాడు. చెరకు క్రషర్ నడిపే డీజిల్ ఇంజిను పక్కనే వయసంతా గడిపేశాడు. పాకం రంగు చూసి ఎప్పుడు దింపాలో చెప్పడంలో అతనికి మంచి పేరు. ఆ ఇంజిను మాత్రం అతని రెండు చెవులూ తినేసింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పట్టేస్తాడు, మనం గొంతు పెంచనక్కర్లేదు. విశాఖ తీసుకెళ్ళి చెవికి మిషను పెట్టిస్తే, మళ్ళీ ఇంజిను పక్కన నిలబెట్టినట్టుందని తీసి అలమరలో పడేశాడు. ఫోనులో పెదాలు కనబడవు కాబట్టి ఫోను అతనికి ఎందుకూ పనికిరాలేదు.

ఫోనులో అతనికి కావలసింది కూడా ఒక్క మనిషే, వాళ్ళ అప్ప. అక్కను మా వైపు అప్ప అంటాం. తల్లి పోయాక పరదేశిని చంకనేసుకుని పెంచిన అప్పలనరసమ్మను దేవరాపల్లి అవతల ఒక ఊరికి ఇచ్చారు. బస్సెక్కితే అదేం దూరం కాదు. కానీ ఒక ఏడు బావ చెరకు పరదేశి వండితే బెల్లం దిమ్మ కట్టలేదు. చెరకు ముదరకుండా కొట్టుకొచ్చావని ఇతనూ, పాకం పాడుచేశావని ఆయనా మాటా మాటా అనుకున్నారు. మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దని బావ అన్నాడు. పరదేశి పౌరుషం కలవాడు, తొక్కలేదు. అప్పకి చదువు రాదు, ఆవిడ దగ్గరున్నది బటన్ల ఫోను. బావ పొలానికి వెళ్ళిన వేళ చూసి తమ్ముడికి ఫోను చేసేది.

ఆ ఫోను పరదేశి భార్య నూకరత్నం ఎత్తేది. పది నిమిషాలు ఊఁ కొట్టి, నవ్వి, అయ్యో అని, చివరికి మొగుడి వైపు తిరిగి, “బాగున్నారంట” అనేది.

“అంతేనా?”

“ఇంకేటుంటాది?”

నూకరత్నాన్ని తప్పు పట్టలేం. పొయ్యి మీద కూర ఉన్న మనిషి అంతకన్నా ఏం చెబుతుంది? కానీ తమ్ముడికి చెప్పుకునే మాటలు మరదలి ద్వారా చెప్పుకోవడం అప్పలనరసమ్మకి మింగుడు పడలేదు. రోజూ వచ్చే ఫోను వారానికొకటయింది, తర్వాత పండగకొకటయింది. ఇలాగే పోతే ఒక రోజు అదీ ఆగిపోతుందని పరదేశికి తెలుసు. ఆ భయం అతను నాతో పైకే అన్నాడు.

అందుకే ఎర్ర డబ్బా కొన్నాడు. రాబోయే ఓయస్‌లో, అవతలివాళ్ళు ఫోనులో మాట్లాడే మాటలన్నీ మన తెరమీద తెలుగు అక్షరాల్లో పడతాయని దిలీప్ చెప్పాడు. పరదేశి ఏడో తరగతి చదివాడు, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలడు. ఉగాదికల్లా అప్ప మాట తనే చదువుకుంటానని ఆశపడ్డాడు.

వైశాఖం వెళ్ళిపోయినా ఓయస్ రాకపోయేసరికి ఫణిశ్రీనివాస్‌కి జాలి వేసింది. జాలి కొంత, తన డబ్బా గొప్పతనం చూపించుకోవాలన్న సరదా కొంత.

“పరదేశీ, మా ఫోనులో ఆ సదుపాయం ఎప్పుడో వచ్చింది. నీ సిమ్ము దీంట్లో వెయ్యి. మీ అప్పతో ఇప్పుడే మాట్లాడు” అన్నాడు.

సిమ్ము వేశారు. ఫోను కలిసింది. తెరమీద అక్షరాలు పడ్డాయి. మొదట ఏవో రెండు మూడు మాటలు అర్థం లేకుండా వచ్చి, ఆ తర్వాత ఒక్క వాక్యం ముత్యాల్లా పడింది: ‘మా గుంట ఎండిపోయింది.’

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఉత్తరాంధ్రలో గుంట అంటే ఆడపిల్ల. పరదేశి కూడా పొద్దున్న లేస్తే ఎవరో ఒక పిల్లని గుంటా అని పిలిచేవాడే. కానీ ఆ మాట అచ్చులో ఎప్పుడు చదివినా గొయ్యి అనే చదివాడు. పేపర్లో గుంట అంటే గొయ్యి, పాఠాల్లో గుంట అంటే గొయ్యి. పైగా బావ పొలంలో నీటి గుంట ఒకటి నిజంగానే ఉంది. తెరమీద అక్షరాలు చూసిన పరదేశికి ఆ నీటి గుంటే గుర్తొచ్చింది.

“పోతే పోనీ అప్పా. పక్కన ఇంకోటి తవ్వించీండి” అన్నాడు, ఎంతో ధైర్యం చెబుతున్నట్టు.

అవతల ఫోను పెట్టేశారు.

అప్పలనరసమ్మ మనవరాలు జ్వరంతో మంచమెక్కి, చిక్కి శల్యమైపోయింది. ఆవిడ ఆ మాటే చెప్పింది. చెప్పిన మాటకి తమ్ముడిచ్చిన జవాబు ఏమిటో మీరే చూశారు. సాయంత్రం నూకరత్నం ఫోను చేస్తే, “బిడ్డ జొరంతో ఉంటే గొయ్యి తవ్వించమంటాడేటే? పోతే పోనీ అంటాడేటే?” అని ఏడ్చిందట. నూకరత్నం ఎంతో చెప్పి చూసింది. పిల్లకి నాలుగు రోజుల్లో తగ్గిపోయింది గానీ, అప్ప నుంచి మాత్రం ఫోను లేదు.

ఈ సంగతి టీ దగ్గరకి వచ్చేసరికి మళ్ళీ డబ్బాల గొడవే అయింది. నీలం డబ్బాకి మన భాష రాదని దిలీప్ చాటింపు వేశాడు. “భాష రాకపోవడమేటి? రాసింది రైటే కదా! చదివినవాడిదే తప్పు” అని ఫణిశ్రీనివాస్ ఎదురు తిరిగాడు. ఎర్ర డబ్బా ఆలస్యం మన యాస నేర్చుకోవడానికేనని ఒకాయన కనిపెట్టాడు. కంపెనీ అలా ఎక్కడా అనలేదు. అయినా చోడవరంలో అది స్థిరపడిపోయింది. ఆ రోజుల్లో నాకు వాళ్ళందరి మీదా ఒళ్ళు మండేది. ఒక మనిషికి తోబుట్టువు దూరమైపోతుంటే వీళ్ళు మార్కులు వేసుకుంటున్నారు.

పరదేశి మాత్రం రోజూ వచ్చి, దిలీప్ పెదాల వైపు చూసేవాడు.

“వచ్చిందేటి బాబూ?”

“లేదు మావా. వస్తాది.”

వినాయక చవితి నిమజ్జనాలు కూడా అయిపోయాక, ఎవరూ ఎదురుచూడని ఒక మధ్యాహ్నం ఎర్ర డబ్బా ఓయస్ వచ్చేసింది. దిలీప్ పరుగెత్తుకెళ్ళి పరదేశిని పిలుచుకొచ్చాడు. వెనకే నూకరత్నం వచ్చింది. షాపు వైఫై మీద అది దిగుతున్నంతసేపూ జనం మూగారు. ఫణిశ్రీనివాస్ బ్యాంకులోంచి భోజనానికని వచ్చి అక్కడే నిలబడిపోయాడు. నేను కూడా కొట్టు వదిలేసి వెళ్ళాను.

నూకరత్నం ముందుగా తన ఫోను నుంచి ఆడపడుచుకి, తమ్ముడు చేస్తాడు ఎత్తమని చెప్పింది. ఆ తర్వాత పరదేశి చేశాడు. ఫోను బల్ల మీద పెట్టాడు. తెరమీద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

‘నమస్కారం. తమ్ముడు గారూ, మీరు క్షేమంగా ఉన్నారా? ఇక్కడ చెదురుమదురుగా జల్లులు కురుస్తున్నాయి. మా మనవరాలి ఆరోగ్యం నిలకడగా ఉంది.’

“ఒక్క తప్పుందేటి సూడండి సార్! కామాలతో సహా ఎట్టేసింది!” అని దిలీప్ గంతేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఫణిశ్రీనివాస్ కూడా తలూపక తప్పలేదు.

పరదేశి ఆ అక్షరాలు రెండోసారి చదివాడు. “ఎవులండీ?” అన్నాడు ఫోనులోకి.

‘నేను మీ సోదరిని. అప్పలనరసమ్మను.’

పరదేశి మొహం వాడిపోయింది. నా వైపు తిరిగి, “కోపం తీరనేదు బాబూ. మా అప్ప నన్నేనాడూ మీరు అననేదు” అన్నాడు.

అప్పుడు నూకరత్నం అతని భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. “కోపం కాదయ్యా. నేనే సెప్పేను, టీవీ వోళ్ళ మాటైతేనే ఫోనుకి ఎక్కుతాదని. ఈ మూడు నెల్లూ వార్తల ముందు కూకోని నేర్సుకుందంట. మళ్ళీ నువ్వు తప్పు సదువుతావని భయం.”

పరదేశి ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆ తర్వాత ఫోనును బల్ల మీంచి రెండు చేతులా ఎత్తుకున్నాడు.

“అప్పా! మీరేటి, మీరు? ఈ ఫోను ఎలాగైనా ఏడవనీ. నువ్వు నాతో మాటాడే!”

చాలాసేపు తెరమీద ఏమీ పడలేదు. ఆవిడ ఏడుస్తోందని నూకరత్నం గొణిగింది. ఏడుపుకి ఓయస్‌లో అక్షరాలు లేవు. తర్వాత ఒక్కసారిగా ఒక వాక్యం, దాని వెనకే ఇంకొకటి వచ్చి పడ్డాయి.

‘వరి చచ్చిన ఓడ. ఏటి పైన నావ రా.’

దిలీప్ మొహం మాడిపోయింది. ఫణిశ్రీనివాస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఓడేటి, నావేటి? మీ అప్ప రైవాడ రిజర్వాయర్లో పడవ గానీ కొన్నాదేటయ్యా? ఇందుకేనా ఇన్ని నెలలు వండేరు మీవాళ్ళు?” జనమంతా గొల్లుమన్నారు. ఎవరో ‘నాణ్యత విషయంలో’ అని అందుకున్నారు.

పరదేశికి ఆ నవ్వులు వినబడవు. అతను కళ్ళు చిట్లించి ఆ అక్షరాలను కూడబలుక్కుంటూ పైకి చదివాడు. అర్థం కాలేదు. మళ్ళీ చదివాడు, ఈసారి కొంచెం వేగంగా, మాటకీ మాటకీ మధ్య ఆగకుండా. మూడోసారి చదువుతుంటే అతని గొంతు మారిపోయింది. ఓడా పోయింది, నావా పోయింది. మా అందరికీ తెలిసిన యాసలో ఒక ఆడమనిషి తిట్టు ఆ షాపులో వినబడింది.

“ఒరే సచ్చినోడా. ఏటైపోనావురా.”

ఎవరూ నవ్వలేదు. పరదేశి కళ్ళ నీళ్ళు తెరమీద పడుతుంటే నూకరత్నం కొంగుతో తుడిచింది. కింద ఇంకా ఏవేవో పడవలూ గోడలూ వచ్చి పడుతూనే ఉన్నాయి.

“ఏటీ అయిపోనేదప్పా” అన్నాడు పరదేశి. “ఇక్కడే ఉన్నాను. తిట్టు, సదూకుంటాను.”