టర్కీ వాగు చివరి ఇల్లు

హోబర్ట్ స్టాంపర్‌కున్న వ్యసనం ఒక్కటే, ఫిర్యాదులు రాయడం. తాగడు, పేకాడడు, చర్చిలో పాటైనా పాడడు. రోడ్డు గుంటల మీద రాశాడు, వాన సంగతి తప్పు చెప్పినందుకు వాతావరణ శాఖ మీద రాశాడు. భార్య సమాధిరాయి మీద ఒక అక్షరం వంకరపోయిందని రాతిపనివాడికి నాలుగు పేజీలు రాశాడు.

రెండేళ్ళుగా ఆయన కేబుల్ కంపెనీ వెంటపడ్డాడు. కెంటకీ కొండల్లో టర్కీ వాగు పొడవునా పద్నాలుగు ఇళ్ళున్నాయి. గని మూతపడింది, బడి మూతపడింది, ఇంటర్నెట్ వైరు వంతెన దాకా వచ్చి ఆగిపోయింది. కంపెనీ మాత్రం ఇంటింటికీ ఇస్తున్నామని చెప్పింది, ప్రభుత్వ కమిషన్ అలాగే మ్యాపు గీసింది. మ్యాపులో ఉంది కాబట్టి కొత్తగా వైరు వేయడానికి ప్రభుత్వ గ్రాంటు రాదు. గ్రాంటు లేనిదే రెండో కంపెనీ రాదు. రెండోవాడు లేనప్పుడు మొదటివాడికి తొందరేముంది?

ఆ ఫిర్యాదులు టైపు చేసే ఖర్మ టౌన్ లైబ్రేరియన్ వెర్నాకి పట్టింది.

"రాసుకో అమ్మాయ్. అయ్యా, మీ మ్యాపు ప్రకారం మా ఇంట్లో ఇంటర్నెట్ ఉంది. మంచం కింద కూడా వెతికాను. కనబడలేదు."

"కమిషన్‌కి మంచం సంగతెందుకండీ?"

"వెతకలేదంటారేమోనని."

అలా ముప్పై ఒక్క ఉత్తరాలు వెళ్ళాయి. ముప్పై సార్లు 'మీ ఫిర్యాదు అందినది' అని జవాబొచ్చింది. ముప్పై ఒకటోసారి ఆయన పేరు తప్పు రాశారు. దాని మీద ఇంకో ఫిర్యాదు.

లైబ్రరీ వైఫై కోసం బయట కార్లు బారులు తీరేవి. వాటిలో ఆర్డిత్ కారొకటి. గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. ఆక్సిజన్ సిలిండర్ పక్కసీట్లో పెట్టుకుని, ఫోన్‌లో డాక్టరుకి కనబడేది. నవంబరు వానల్లో ఆమె కారు నడపలేకపోయింది. రెండు అపాయింట్‌మెంట్లు పోయాయి.

వెర్నాకి ఒళ్ళు మండింది. "ఎంతసేపూ మీ ఇంటి గొడవేనా? ఒక్కసారి ఆర్డిత్ గురించి రాయొచ్చుగా."

"ఎవరి పళ్ళు వాళ్ళే తోముకోవాలమ్మా," అన్నాడాయన.

ఆ వారమంతా వెర్నా ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే టైపు చేసింది.

డిసెంబరులో కంపెనీ లాయరు హోబర్ట్‌ని వెతుక్కుంటూ లైబ్రరీకే వచ్చాడు. ఈ ఒక్క ఇంటి సంగతి అబద్ధమని తేలితే కమిషన్ మ్యాపంతా తిరగేస్తుంది. అప్పుడా గ్రాంటు, పోటీకి కాచుకున్న కరెంటు సహకార సంఘం ఎగరేసుకుపోతుంది.

"మీ ఇంటికి వైరు వేస్తాం. ఫిర్యాదు వెనక్కి తీసుకోండి."

"నా ఒక్కడికేనా?"

"మీ ఒక్కరికే."

"రాసివ్వు," అన్నాడు హోబర్ట్.

సాయంత్రానికల్లా వాగంతా పాకింది, ముసలాడు అమ్ముడుపోయాడని. ఆదివారం చర్చిలో ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆయన కాళ్ళు బారచాపుకుని సుఖంగా కునుకు తీశాడు.

జనవరిలో వైరు వేసే రోజున ఆయన్ని నాలుగు మాటలు దులిపేద్దామని వెర్నా బయల్దేరింది. వంతెన దాటగానే మొదటి ఇంటికి కనెక్షన్ ఇస్తున్నారు. తర్వాత రెండో ఇంటికి. ఆర్డిత్ వరండాలో ఒకతను నిచ్చెనెక్కి ఉన్నాడు.

"ఇదేమిటి? ఆయన ఒక్కడికే అన్నారుగా?" అని అతన్ని అడిగింది వెర్నా.

"ఆయనది చిట్టచివరి ఇల్లమ్మా. అందరి గుమ్మాల ముందునుంచే పోవాలి. వైరు దాటిన ప్రతి ఇంటికీ అడిగితే ఇచ్చి తీరాలని కౌంటీతో మా కంపెనీ చేసుకున్న పాత ఒప్పందంలో ఉందట. మా లాయరు చదవలేదు. పదమూడు దరఖాస్తులొచ్చాయి, అన్నీ ఒకే చేతిరాత," అంటూ అతను జేబులోంచి ఒకటి తీసి చూపించాడు.

ఆ కోడికెలుకుడు రాత వెర్నాకి తెలియంది కాదు.

"ఒకరోజు తెల్లారే కాఫీకని వచ్చి సంతకం పెట్టించుకెళ్ళాడు," అంది ఆర్డిత్, ఊపిరి తీసుకుంటూ. "దేనికని అడిగితే, రోడ్డు గుంటల మీద ఫిర్యాదన్నాడు."

వెర్నా చివరి ఇంటికి వెళ్ళింది. దులపాల్సిన మాటలు దారిలోనే పడిపోయాయి. "నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"నీకు చెబితే వాగుకి చెప్పినట్టు. వాగుకి చెబితే లాయరుకి చెప్పినట్టు," అన్నాడు హోబర్ట్.

ఇంతలో లోపల్నుంచి పనివాడు కేకేశాడు. "బాబాయ్, ఈ ఇంటర్నెట్ పెట్టె ఎక్కడ బిగించను? నీ కంప్యూటరెక్కడుంది?"

"నా దగ్గర కంప్యూటరెందుకుంటుందయ్యా?"

"మరి దీన్నేం చేస్తావు?"

హోబర్ట్ కాసేపు నిజంగానే ఆలోచించాడు. "ఎక్కడో ఒకచోట పెట్టు. కోళ్ళకి అందకుండా."